కుళ్లాయప్ప చూడని కూత

ధర్మవరం చుట్టుపక్కల కుళ్లాయప్పను ఎరగని ఆటస్థలం లేదు. వాలీబాల్‌కు వల కట్టినా, కబడ్డీకి సున్నంతో గీతలు గీసినా, జాతరలో ఎద్దులకు బండ కట్టినా, చంకకు సంచీ తగిలించుకుని అందరికంటే ముందు వచ్చి కుర్చీ వెతుక్కునేది ఆయనే. ముప్పైయారేళ్లు పేపరుకు ఆటల వార్తలు రాశాడు. ఆయన ఆడిన ఆట మాత్రం ఒక్కటీ లేదు. గోలీలాటలో ఓడినా ఏడ్చుకుంటూ ఇల్లు చేరేవాడని కన్నతల్లే చెప్పేది. చేతకానివాళ్లు తీర్పులు చెప్పడంలో మహా గట్టివాళ్లు. వంట రాని మగవాడికే కదా కూరలో ఉప్పు తక్కువైందని మొదట తెలిసేది.

తండ్రికి గుంతమగ్గం ఉండేది. పట్టుచీర అంచు నేయడంలో ఆ చేతికి తిరుగులేదని పేరు. ఆ గుంతలో కాళ్లు దింపి కూర్చోవడం కొడుక్కి నామోషీ. ఇంటర్ తప్పి, రెండేళ్లు వీధులు కొలిచి, ఒక పేపరు ఏజెంటు దగ్గర పొద్దున్నే కట్టలు విప్పే పనికి కుదిరాడు. అక్కడి నుంచి విలేకరి అయ్యాడు. రాజకీయాలు రాయడానికి ఒకడున్నాడు. కొట్లాటలూ కేసులూ రాయడానికి ఇంకొకడున్నాడు. ఎవరికీ అక్కర్లేక మిగిలిపోయినవి ఆటలు. అవి ఈయన పాలబడ్డాయి.

"నాకూ అట్లనే మిగిలిందే దక్కింది" అనేది ఆయన భార్య గంగక్క.

ఇల్లు నడిపింది ఆమే. తెల్లారి లేస్తే రాట్నం ముందు కూర్చుని పట్టుదారం కండెలకు చుట్టేది. చీకటి పడేదాకా ఆ చక్రం ఆగేది కాదు, ఆమె నోరూ ఆగేది కాదు. మొగుడి మీద ప్రేమ లేదని కాదు. ఉండేది, ఎక్కడో సామాన్ల గదిలో పాత ఇత్తడి బిందెలా. పండక్కి తోమి బయట పెట్టేది, మళ్లీ లోపల పడేసేది.

కుళ్లాయప్పకు కావలసింది ప్రపంచంలో ఒకటే: తన పేరు పేపర్లో పడాలి. జిల్లా పేజీ వార్తలకు పైన ఊరి పేరు వేస్తారు గాని రాసినవాడి పేరు వేయరు. ఆయన ఎంత రాసినా "ధర్మవరం" అనే నాలుగక్షరాల కింద పూడిపోయేది. బండలాగుడు పోటీల వార్త రాస్తే ఎద్దుల యజమాని పేరు పడేది, బండ మోసుకొచ్చిన ట్రాక్టరు ఓనరు పేరు పడేది, ఒక్కోసారి ఎద్దు పేరు కూడా పడేది.

"ఎద్దు పేరు పడె, నీ పేరు పడకపాయె" అని గంగక్క రాట్నం తిప్పుతూనే అనేది. "నువ్వు గూడా ఒకసారి బండ లాగి చూడరాదా అప్పా."

నవ్వేవాడు కాదు. కాని నేర్చుకున్నది మాత్రం బాగా నేర్చుకున్నాడు. వార్తకు స్థలం తక్కువ. ముందు కప్పు ఇచ్చినవాడి పేరు. తర్వాత టెంకాయ కొట్టినవాడి పేరు, మజ్జిగ పోయించినవాడి పేరు, కుర్చీలు పంపినవాడి పేరు. ఆ తర్వాత జాగా మిగిలితే ఆడినవాళ్లు. మిగలకపోతే ఉండనే ఉంది, చివర్న ఒక మాట: "తదితరులు పాల్గొన్నారు." మోకాలు చిప్ప పగిలినవాడు, ఎండలో కళ్లు తిరిగి పడినవాడు, పల్లె నుంచి పొద్దున్నే నడిచి వచ్చి సాయంత్రం దాకా పస్తుండి ఆడిన పిల్ల, అందరూ ఆ తదితరుల్లో సర్దుకునేవాళ్లు. ఎందరో ఆయన చేతి మీదుగా ఆ మూటలో పడ్డారు. ఎప్పుడైనా ఒక పిల్లవాడు ధైర్యం చేసి "నా పేరు రాలేదు సార్" అంటే, "తదితరుల్లో ఉండావు పోరా" అని పంపేసేవాడు.

ఇక ఆయన రాసే పద్ధతి. ఆ రోజుల్లో వార్త కాగితం మీద రాసి కవర్లో పెట్టి, అనంతపురం పోయే బస్సు కండక్టరు చేతికి ఇవ్వాలి. అక్కడ బస్టాండులో పేపరు ఆఫీసు మనిషి అందుకుంటాడు. సాయంత్రం నాలుగున్నర బస్సు తప్పితే వార్త ఆ పూటకు లేనట్టే. ఆటలకు ఆ సంగతి తెలియదు కదా. ప్రారంభించే పెద్దమనిషి రెండు గంటలు ఆలస్యంగా వస్తాడు, గంట మాట్లాడతాడు. నాలుగు గంటలకు ఆట సగంలో ఉంటుంది. అందుకని కుళ్లాయప్ప సగం ఆట చూసి, మిగతా సగం తనే ఆడేసేవాడు. ఎవరు గెలుస్తారో నడక చూస్తే తెలుస్తుందని ఆయన గొప్ప. పదింట తొమ్మిదిసార్లు నిజమయ్యేది కూడా. పదోది ఏ చిన్న బడి పిల్లలదో అయ్యేది. వాళ్లకు పేపరు వచ్చేది కాదు, అడిగే దిక్కూ ఉండేది కాదు.

ఒక్కసారి మాత్రం అడిగే దిక్కు వచ్చింది.

పంతొమ్మిది వందల తొంభై ఏడులో ధర్మవరంలో ఆడపిల్లల కబడ్డీ పోటీలు పెట్టారు. సీమ నాలుగు జిల్లాల నుంచీ జట్లు వచ్చాయి. ఆదివారం పేపర్లో ఆడపిల్లల ఆటల మీద ఒక పేజీ వేస్తున్నామనీ, ఫైనల్ మీద బాగా రాస్తే ఈసారి పేరు వేస్తామనీ అనంతపురం ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. కుళ్లాయప్ప ఆ పొద్దు కొత్త చొక్కా తొడుక్కుని మైదానానికి పోయాడు, ఫొటో ఏమైనా అడుగుతారేమోనని.

ఫైనల్ నంద్యాల జట్టుకూ ముదిగుబ్బ జట్టుకూ. నంద్యాల పిల్లలు బూట్లు వేసుకుని, ఒకే రంగు బట్టల్లో, తిని పెరిగిన ఒళ్లతో ఉన్నారు. ముదిగుబ్బ పిల్లలు వట్టి కాళ్లతో దిగారు. వాళ్ల కెప్టెన్ మల్లీశ్వరి, ముదిగుబ్బ పక్క పల్లెలో గొర్రెలు మేపే సుంకప్ప కూతురు. ఇరవై ఏళ్లు. తాటిపట్టెలా పొడుగ్గా, నల్లగా ఉండేది. సగం ఆటయ్యేసరికి ముదిగుబ్బ పదకొండు పాయింట్లు వెనకబడింది. టైము నాలుగుంబావు.

కుళ్లాయప్ప నంద్యాలను గెలిపించేశాడు. అంతటితో ఊరుకుని ఉంటే ఎంతో కొంత పుణ్యం. పేరు పడే వార్త కదా, రక్తి కట్టాలి. అందుకని ఇంకా జరగని ఆఖరి కూతను తన సొంతంగా రాశాడు: "ఆఖరి కూతకు వెళ్లిన ముదిగుబ్బ కెప్టెన్ మల్లీశ్వరి ప్రత్యర్థుల పట్టుకు బెదిరి, గీత దాటినట్టే దాటి వెనుదిరిగి పరుగు లంకించుకోవడంతో ప్రేక్షకులు నవ్వుల్లో మునిగిపోయారు."

బస్టాండుకు పోయి కవరు కండక్టరుకు ఇచ్చాడు. మైదానం అక్కడికి రెండు వందల అడుగులు. పోయి చూడవచ్చు. తప్పయితే ఎదురుగానే ఫోను బూత్ ఉంది, ఆఫీసుకు చెప్పవచ్చు. ఆయన బస్టాండు హోటల్లో కూర్చుని టీ తెప్పించుకుని, రేపు పేపర్లో తన పేరు చూడమని వచ్చినవాడికల్లా చెప్పాడు. ఐదు దాటాక మైదానం వైపు నుంచి పెద్ద కేక లేచింది. జనం ఈలలు వేశారు. ఎవరో డప్పు కొట్టారు.

"నంద్యాలోళ్లు గెల్చినట్టుండారు" అన్నాడు కుళ్లాయప్ప, రెండో టీ ఊదుకుంటూ.

గెలిచింది ముదిగుబ్బ. ఒక్క పాయింటు తేడాతో. ఆఖరి కూత మల్లీశ్వరిదే.

మరుసటి రోజు పొద్దున సుంకప్ప ముదిగుబ్బ బస్టాండుకు వచ్చి పది పేపర్లు కొన్నాడు. ఆయనకు అక్షరం ముక్క రాదు. పేపరాయన వచ్చి రాసుకున్నాడని బిడ్డ చెప్పింది, బిడ్డ కప్పు తెచ్చింది, ఇంకేం కావాలి. రాత్రికి రాత్రే ఆ కప్పును గొర్రెల దొడ్డి దాకా మోసుకుపోయి వాటికి కూడా చూపించాడట. పది పేపర్లనూ పల్లెలో పంచాడు. మంగలి అంగట్లో ఒకటి, పిండి మిషను దగ్గర ఒకటి, బడి అయివారి ఇంట్లో ఒకటి, తనను ఎన్నడూ గడప ఎక్కనివ్వని రెడ్డి ఇంటి అరుగు మీద ఒకటి. చివరిది టీ అంగట్లో ఇచ్చి, "గట్టిగా చదువప్పా, మా పాపది" అని ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

చదివేవాడు చదివాడు. ఆఖరి కూత దగ్గరికి వచ్చేసరికి ఒకడు కిసుక్కుమన్నాడు. ఇంకొకడు, ఆ వెనక నలుగురు. జనం నవ్వుతున్నారు కదా, మంచి మాటే అయ్యుంటుందని సుంకప్ప కూడా నవ్వాడు. అందరికంటే గట్టిగా నవ్వాడు.

మరి కప్పు ఉంది కదా అంటే, ఓడిన జట్టుకూ అలాంటి కప్పే ఇచ్చారు. రెండూ ఒకే అంగట్లో కొన్నవి. "ఇది రెండో కప్పు లేప్పా" అని పల్లె తేల్చేసింది. కళ్లారా చూసొచ్చిన పన్నెండుమంది ఆడపిల్లలు ఒట్టేసి చెప్పినా వినలేదు. అచ్చు గుద్దిన అబద్ధం ముందు ఆడపిల్ల ఒట్టు ఎంత. ఆ రోజు నుంచి మల్లీశ్వరిని "పరుగుల మల్లి" అన్నారు. బావి దగ్గర, బస్సులో, చివరికి పెళ్లి పందిట్లో కూడా అదే పేరు.

నెల తిరక్కుండా ఆటల హాస్టలుకు పిల్లలను ఎంచుకునే పెద్దలు వచ్చారు. పేపరు కటింగులు చూపించమన్నారు. మల్లీశ్వరికి ఉన్న కటింగు అదొక్కటే. ఆమె చూపించలేదు. చూపించనక్కర్లేకుండానే వాళ్లు చదివి ఉన్నారు.

అప్పుడు సుంకప్ప ఒక పొట్టేలు పిల్లను భుజాల మీద వేసుకుని ధర్మవరం వచ్చాడు. కుళ్లాయప్ప గడప ముందు దించి చేతులు కట్టుకున్నాడు.

"సామీ, మా పాప గెల్చిందని ఒక్క ముక్క రాయి. పల్లెలో తలెత్తుకోలేకుండాది. పాప గంజి గూడా తాగలేదు."

తప్పు రాశానని ఆఫీసుకు చెబితే ఉన్న పని ఊడుతుంది. పైగా తన పేరు పడిన ఒక్కగానొక్క వార్త. కుళ్లాయప్ప మీసం సవరించుకున్నాడు.

"పేపర్లో పడింది పడిందే సుంకప్పా. ఒకసారి పడినాక అదే నిజం. మేము గూడా మార్చలేం."

"ఆట నువ్వు చూసినావు కదా సామీ?"

"చూడకుండా రాస్తామా? సరే, చూస్తాలే, పో."

ఆ "చూస్తాలే"ను పట్టుకుని ముసలాయన సంతోషంగా పోయాడు. పొట్టేలు పిల్లను వదిలేసి పోయాడు. దాన్ని గంగక్క ఆరు నెలలు మేపింది. మొహర్రానికి గూగూడు పీర్ల జాతరకు తోలుకుపోయి, కుళ్లాయిస్వామికి చూపించి, కోసుకుని తిన్నారు. వార్త రాలేదు. అయితే గంగక్క ఆ మాంసం ముట్టలేదు. వండి వడ్డించింది గాని ముట్టలేదు. ఎందుకని ఆయన అడగలేదు. అడిగితే చెబుతుందని భయం.

ఆ వార్తను ఆయనే తన ఫైలులో నుంచి తీసి పొయ్యిలో వేశాడు. సుంకప్ప మళ్లీ ఎవరినైనా వెంటేసుకుని వస్తాడేమోనని. పేరు కాలుతుంటే మాత్రం కాసేపు చూశాడు.

సుంకప్ప మళ్లీ రాలేదు. కవర్లు పోయి ఫ్యాక్సులొచ్చాయి, అవి పోయి కంప్యూటర్లు, కంప్యూటర్లు పోయి సెల్‌ఫోన్లు వచ్చాయి. కుళ్లాయప్ప పద్ధతి మారలేదు. గెలిచినవాళ్ల ఫొటో తీయకముందే వార్త పంపేవాడు. ఆయన దగ్గర పని నేర్చుకున్న గిరి అనేవాడు అనంతపురంలో పెద్ద విలేకరి అయ్యాడు. కళ్లలో పొరలు వచ్చాక కుళ్లాయప్పను పేపరువాళ్లు మానుకోమన్నారు. మానుకోమని చెప్పడానికి కూడా ఎవరూ రాలేదు. ఒక రోజు ఆయన పంపిన వార్త పడలేదు. మర్నాడూ పడలేదు. మూడో నాటికి తనే అర్థం చేసుకున్నాడు.

పోయిన ఏడాది ఆగస్టులో గిరి ఫోను చేశాడు. ఆటల దినం నాడు అనంతపురంలో ఒక క్రీడాభిమానుల సంఘం పాత ఆటల విలేకరులకు శాలువాలు కప్పుతోంది.

"నీ పేరు చెప్పినా అన్నా. అయితే ఒక రూలు పెట్టినారు. నీ పేరుతో పడిన వార్త ఒకటన్నా చూపియ్యాల. పోయినసారి ఎవుడో కిరాణా కొట్టాయన విలేకరినని చెప్పి శాలువా కప్పించుకుని పోయినాడు."

కుళ్లాయప్ప మంచం కింది ట్రంకుపెట్టె లాగి ఫైళ్లన్నీ దులిపాడు. పసుపురంగు తిరిగిన కటింగులు ఇల్లంతా పరుచుకున్నాయి. వేల వార్తలు. వందల మంది దాతలు, టెంకాయలు, ఎద్దులు. ఎక్కడా ఆయన లేడు. ఆఫీసులో అడిగిస్తే, పాత పేపర్ల కట్టలు భవనం మారినప్పుడు చిత్తుకాగితాలవాడికి వేశారని తెలిసింది. రెండు రోజులు కూడు సహించలేదు.

మూడో రోజు గంగక్క రాట్నం ఆపింది. ఆ ఇంట్లో ఆ చక్రం ఆగిందంటే ఏదో ఉన్నట్టే.

"సుంకప్ప పది పేపర్లు కొన్నాడు కదా" అంది. "ఒకటన్నా మిగిలుండదా? పోయి అడుగు."

"ఏ మొగం పెట్టుకుని పోయేది?"

"ఉండేది అదొకటే కదా. అదే పెట్టుకుని పో."

ముదిగుబ్బ బస్టాండు పక్కన మల్లీశ్వరికి జొన్నరొట్టెల అంగడి ఉంది. ఇప్పుడు ఆమెకు నలభై ఏడు. సుంకప్ప పోయి పదేళ్లయింది. మొగుడు లారీ తోలుతూ బళ్లారి వైపు పోయి అక్కడే ఇంకొకతెతో ఉండిపోయాడు. ఆ ఎత్తు, ఆ నలుపు అలాగే ఉన్నాయి. మోకాళ్లు మాత్రం పట్టేశాయి. కూర్చునే పీట ఎత్తుగా చేయించుకుంది. కుళ్లాయప్ప వచ్చి బల్ల మీద కూర్చునేటప్పటికి మధ్యాహ్నం రద్దీ. ఏడెనిమిది మంది తింటున్నారు. ఆమె తలెత్తి చూసి, చేతిలోని ముద్దను తట్టడం ఆపకుండానే అంది:

"ఎన్ని రొట్టెలు కావాలప్పా పేపరాయనా?"

గుర్తు పట్టింది. రెండు చెప్పాడు. ఆమె వేసింది, గురుగాకు పప్పు పోసింది, ఎర్రగారం పెట్టింది. ఆయన తిన్నాడు. మంది కొంచెం తగ్గుతారేమోనని కాచుకున్నాడు. ఒకడు లేస్తే ఇద్దరు వస్తున్నారు.

"వచ్చిన పని చెప్పు. రొట్టె కోసం ధర్మవరం నుంచి రావు కదా."

"ఒక పాత పేపరు, మల్లీశ్వరమ్మా. తొంభై ఏడుది. మీ నాయన కొన్నాడే..."

"ఎందుకో?"

ఆయన శాలువా సంగతి చెప్పాడు. పేరు సంగతి చెప్పాడు. చెప్పేకొద్దీ గొంతు చిన్నదైపోయింది. ఆమె రొట్టె తిరగేసి, తడిగుడ్డతో అద్ది, పెనం దించి, చేతులు కడుక్కుని లోపలికి పోయింది. మోకాళ్ల నొప్పితో పోవడానికీ రావడానికీ చాలాసేపు పట్టింది. పాత పట్టుచీర పెట్టెలో నాలుగు మడతలు పెట్టిన పేపరు తెచ్చింది. మడతల దగ్గర చిరిగితే వెనక గుడ్డ అంటించి ఉంది. దేవుడి పటానికి కూడా అంత మర్యాద ఉండదు.

ఆయన చెయ్యి చాపాడు.

"చదువు" అంది ఆమె.

"ఏందమ్మా?"

"ఈడనే చదువు. గట్టిగా. నేను ఒక్కసారి గూడా పూర్తిగా వినలేదు. టీ అంగట్లో చదివేవాని చేతిలో నుంచి గుంజుకున్నా, సగంలో. నాకు చదువు వచ్చు గాని కండ్లు ఆ ముక్క దాటి పోవు. చదివి తీసుకుని పో."

తింటున్నవాళ్లు చేతులాపారు. ఏమప్పా కత అని ఒకడు పక్కవాడిని అడిగాడు. "ఈయన పేపర్లో రాసిన పెద్దాయన. మనకు చదివి వినిపిస్తాడంట" అంది మల్లీశ్వరి.

కుళ్లాయప్ప కళ్లద్దాలు పెట్టుకున్నాడు. మొదట కనిపించింది తన పేరే. సి. కుళ్లాయప్ప, ధర్మవరం. ఇరవయ్యేడేళ్ల తర్వాత చూసిన ఆ అక్షరాలకు ఆయన కళ్లు తడిసిన మాట నిజం. సిగ్గుతో కాదు. కప్పు ఇచ్చినవారి పేరు చదివాడు. జ్యోతి వెలిగించినవారి పేరు చదివాడు. మొదటి సగం ఆట చదివాడు. ఆఖరి కూత దగ్గరికి వచ్చి నీళ్లు అడిగాడు.

"తాగి చదువు" అని చెంబు పెట్టింది.

చదివాడు. బెదిరి. వెనుదిరిగి. పరుగు లంకించుకోవడంతో. ప్రేక్షకులు నవ్వుల్లో. అంగట్లో ఎవరూ నవ్వలేదు. బయట బస్సు హారను కొడుతోంది. ఒక ముసలాయన మాత్రం, "ఓహో, పరుగుల మల్లి అంటే ఇదేనా" అని తనలో తను అనుకున్నాడు. అది అందరికీ వినిపించింది.

"రాసినోడితోనే చదివిచ్చుకోవాలని పెట్టుకున్నా" అంది మల్లీశ్వరి. "అయిపాయె. ఇంక నాకెందుకు? తీసుకో."

ఆయన పేపరు మడిచి సంచీలో పెట్టుకున్నాడు. లేవాలి. బస్సు కదులుతోంది. లేవలేకపోయాడు. ముప్పైయారేళ్లు ఆటలు రాసినవాడికి ఆ క్షణంలో ఒకటే తెలుసుకోవాలనిపించింది. పదకొండు పాయింట్లు వెనకబడిన జట్టు ఒక్క పాయింటుతో ఎలా గెలిచింది? ఈ నాలుగు జిల్లాల్లో అంతటి ఆట మళ్లీ జరగలేదు. జరిగినప్పుడు తను రెండు వందల అడుగుల దూరంలో టీ ఊదుకుంటున్నాడు.

"మల్లీశ్వరమ్మా, ఆ ఆఖరి కూతలో ఏం జరిగింది? ఎంతమందిని తాకి వచ్చినావు?"

ఆమె పెనం మళ్లీ పొయ్యి మీద పెట్టింది. పిండి ముద్ద చేతిలోకి తీసుకుంది.

"పేపర్లో పడిందే కదప్పా. ఒకసారి పడినాక అదే నిజమంట. మా నాయనకు ఎవురో పెద్దమనిషి చెప్పినాడు."

ఆమె రొట్టె తట్టుకుంటూ కూర్చుంది. ఆయన దుడ్లు ఇవ్వబోతే, "పొట్టేలు పిల్లనే ఇచ్చినోళ్లం, రెండు రొట్టెలు ఒక లెక్కనా" అని తల తిప్పేసుకుంది.

తిరిగొచ్చే బస్సులో కుళ్లాయప్ప ఒక మాట తయారు చేసుకున్నాడు. సభలో మైకు ఇస్తే చెప్పాలని. "ఆ ఆట నేను చూడలేదు. గెలిచింది ముదిగుబ్బ." అంతే. రెండు చిన్న వాక్యాలు. బత్తలపల్లి దాటేదాకా పెదవులు కదుపుతూ వల్లె వేశాడు. మనిషి ఎంత చెడ్డవాడైనా బస్సులో మంచివాడే. దిగాక కదా తెలిసేది.

ఇరవైతొమ్మిదో తేదీ అనంతపురంలో సభ జరిగింది. హాలు నిండా బడిపిల్లలు. పదకొండుమంది పాత విలేకరులను వరసగా నిలబెట్టారు. యాంకరు పిల్లగాడు ఒక్కొక్కరి వార్తలో నుంచి ఒక ముక్క చదివి పిలుస్తున్నాడు. కుళ్లాయప్ప వంతు వచ్చింది. చదవడానికి ఆ పిల్లగాడు ఏరి ఏరి ఆఖరి కూతనే ఏరుకున్నాడు. రక్తిగా ఉంది కదా మరి. పరుగు లంకించుకోవడం దగ్గర కాళ్లు కూడా ఆడించి చూపించాడు. హాలు హాలంతా విరగబడి నవ్వింది. తొంభై ఏడులో అబద్ధంగా రాసిన ప్రేక్షకుల నవ్వు ఇన్నాళ్లకు ఆ రకంగా నిజమైంది.

శాలువా కప్పి మైకు చేతికిచ్చారు. కుళ్లాయప్ప గొంతు సవరించుకున్నాడు. మాట నోటి దాకా వచ్చింది. ముందు వరసలో దాతలు కూర్చున్నారు. శాలువా భుజం మీద బరువుగా, వెచ్చగా ఉంది.

"ఈ శాలువాలు ఇప్పించిన దాతలకు, టిఫిను పెట్టించినవారికి, హాలు ఇచ్చినవారికి..." అని ఒక్క పేరూ తప్పకుండా, వరస తప్పకుండా చెప్పి దిగాడు. ఆ విద్యలో ఆయన్ను మించినవాడు లేడు.

ఆ పేపరు తిరిగివ్వమని అడిగితే, ఏ ఫైల్లో పెట్టారో వెతికి పంపిస్తామన్నారు. ఇప్పటిదాకా పంపలేదు.

మరునాడు ఆయన తెల్లారకముందే బస్టాండుకు పోయి పేపర్లు కొన్నాడు. ఎన్ని అంటారు, పది. ఇంటికి తెచ్చి వాకిట్లోనే విప్పాడు. జిల్లా పేజీలో మూలన వార్త ఉంది. ముందు శాలువాల దాత. తర్వాత హాలు దాత, టిఫిను దాత, జ్యోతి వెలిగించినాయన. ఆ తర్వాత ముగ్గురు విలేకరుల పేర్లు. ఆ చివర్న, "తదితరులను ఘనంగా సన్మానించారు."

గిరికి ఫోను చేశాడు.

"నా పేరు పడలేదేమప్పా?"

"జాగా చాల్లేదన్నా. సభ మొదలుగాకముందే పంపేసినా, నువ్వు నేర్పించినట్టే. యాడికీ పోలేదులే, తదితరుల్లో ఉండావు."

గంగక్క రాట్నం తిప్పుతూ అంతా విన్నది. పది పేపర్ల కట్టను చూసింది.

"ఊర్లో పంచి రాపో" అంది. "గట్టిగా చదివిచ్చు. నవ్వినప్పుడు నువ్వు గూడా నవ్వు."

ఆయన లోపలికి పోయి కత్తెర తెచ్చుకున్నాడు. వార్తను చుట్టూ గీసి, అంచు వంకర పోకుండా కత్తిరించాడు. ఎర్ర పెన్నుతో తదితరులు అన్న చోట కింద గీత గీశాడు. జిగురు పూసి, ఫైలు చివరి కాగితం మీద అంటించి, ఆరేదాకా అరచేత్తో అదిమి పట్టుకుని కూర్చున్నాడు.